నీళ్లు ఇంకని అడవి నేల

1812 జూన్‌లో అమెరికా జనరల్ విలియం హల్ సుమారు రెండు వేల మంది సైనికులను వెంటబెట్టుకుని ఒహాయో రాష్ట్రం మధ్య నుంచి డెట్రాయిట్‌కు బయల్దేరాడు. బ్రిటిష్ వాళ్లతో యుద్ధం అప్పుడే మొదలవుతోంది. తుపాకీ పేల్చాల్సిన అవసరం దారిలో పెద్దగా రాలేదు గానీ, గొడ్డళ్లకు మాత్రం క్షణం తీరిక లేకపోయింది. చెట్లు కొట్టడం, ఆ దుంగల్నే అడ్డంగా పరవడం, వాటి మీదుగా బళ్లు లాగడం, ఇదే పని. వాన పట్టుకుంటే చక్రాలు ఇరుసుల దాకా దిగబడేవి. ఒకచోట ఇక కదలడం కుదరక, ఆ బురదలోనే దుంగలతో ఒక కోటలాంటిది కట్టుకుని కూర్చున్నారు.

ఆ సైన్యాన్ని పట్టుకుని వదలని అడవికి ‘గ్రేట్ బ్లాక్ స్వాంప్’ అని పేరు. ఈరీ సరస్సు పడమటి కొస నుంచి ఇండియానా వైపు దాకా, మామీ నది చుట్టుపక్కల, సుమారు 120 మైళ్ల పొడవున, 40 మైళ్ల వెడల్పున ఉండేది. స్వాంప్ అనగానే మన కొల్లేరునో, కోరింగ మడ అడవినో తలచుకుంటే పొరపాటు. ఏడాది పొడవునా నీళ్లుండే చోటు కాదది. ఎల్మ్, యాష్, మేపుల్, ఓక్ చెట్లు ఎండపొడ కింద పడనంత దట్టంగా పెరిగిన అడవి. చలికాలం వెళ్లాక మంచు కరిగి, వసంతపు వానలు తోడై, చెట్ల మొదళ్ల చుట్టూ వారాల తరబడి నీళ్లు నిలిచేవి. ఆగస్టు వచ్చేసరికి అదే నేల బీటలు వారేది. ఆ నీరంతా అటు భూమిలోకి ఇంకక, ఇటు నదిలోకి పారక, ఎక్కువ భాగం ఎండకు ఆవిరైతేనో, చెట్లు తాగితేనో తప్ప వదిలేది కాదు.

అమెరికా నేలల సర్వేలో ఈ మట్టికి ‘హోయ్ట్‌విల్’ అని పేరు. వుడ్ కౌంటీలోని ఒక చిన్న ఊరి పేరే దానికి పెట్టారు. సర్వే పట్టికలు దీన్ని ‘చాలా తక్కువగా మురుగు పోయే నేల’ అనే తరగతిలో చేర్చాయి. వాలు ఒక శాతం లోపే. అంటే నూరడుగులు నడిచినా అడుగు పల్లం దిగం.

గొయ్యి తవ్వి చూస్తే దీని కథ అంచెలంచెలుగా కనిపిస్తుంది. పైన జానెడు మందాన నల్లటి మట్టి. సాధారణంగా అడవి నేలల్లో పై పొర ఇంత నల్లగా ఉండదు. ఆకులలము కుళ్లి, వాననీటితో సారం కిందికి దిగిపోయి, పాలిపోయినట్టు ఉంటుంది. ఇక్కడ తడి వల్ల కుళ్లడం నెమ్మదించి, ఆ నలుపు నిలిచిపోయింది. దాని కింద అసలు సంగతి మొదలవుతుంది. బూడిదరంగు బంకమట్టి, అందులో అక్కడక్కడ పసుపు, తుప్పు రంగు మచ్చలు. పలుగుతో పొడిస్తే గుండ్రంగా విరగదు, కోణాలున్న దిమ్మలుగా ఊడుతుంది. చిటికెడు తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పైకి తోస్తే రిబ్బనులా సాగుతుంది. అది రెండంగుళాలు దాటినా తెగకపోతే బంకమట్టి అని సర్వేయర్ల లెక్క. ఇంకా కిందికి, మీటరు దాటి దిగితే రంగు గోధుమకు తిరుగుతుంది, మట్టి రాయంత గట్టిపడుతుంది, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. సున్నం ఉందన్నమాట. ఆ గట్టి పొరలో చిన్న గులకరాళ్లు, అరుదుగా తలకాయంత గ్రానైటు రాయి కూడా దొరుకుతాయి. ఒహాయోలో ఆ చుట్టుపక్కల గ్రానైటు కొండే లేదు. కింద ఉన్నదంతా సున్నపురాయి, డోలమైటు.

ఆ రాళ్లను కెనడా నుంచి మోసుకొచ్చింది మంచు. చివరి మంచుయుగంలో వందల మీటర్ల మందమున్న హిమఫలకం ఉత్తరాది నుంచి ఈరీ సరస్సు పల్లం మీదుగా ఒహాయోలోకి దిగింది. దారిలో ఉన్న షేల్ రాతినీ, పాత సరస్సుల అడుగు మట్టినీ గీరుకుంటూ, సున్నపురాయిని పిండి చేస్తూ వచ్చింది. నది మోసే మట్టికి ఒక క్రమం ఉంటుంది: ముందు రాళ్లు పడతాయి, తర్వాత ఇసుక, చివరికి ఒండ్రు. మంచుకు ఆ వివేచన లేదు. బండరాయినీ, ఇసుకనూ, కంటికి కనపడని బంక రేణువునూ కలగాపులగంగా ఒకేచోట వదిలి కరిగిపోతుంది. దాన్నే భూగర్భ శాస్త్రవేత్తలు ‘టిల్’ అంటారు. ఇక్కడి టిల్‌లో బంక పాలు ఎక్కువ. పైగా దాని మీద అంత బరువు కూర్చుని నొక్కింది.

ఇలాంటి మంచు మన గోదావరి లోయలోనూ ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. సింగరేణి బొగ్గు పొరల కింద తాల్చేర్ శిలలనే పొర ఉంది. సుమారు 30 కోట్ల ఏళ్ల నాడు హిమానీనదాలు వదిలిన రాళ్లూ మట్టీ గట్టిపడి ఏర్పడిందది. ఒడిశాలో ఆ గుండ్రాళ్ల పొరను చూసి, ఇది మంచు పనే కావచ్చని భూగర్భ శాస్త్రవేత్తలైన బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1850లలోనే రాశారు. ఆ నాటికి ఆ ఊహ చిన్న సాహసమేమీ కాదు. అయితే మన టిల్ ఎప్పుడో రాయైపోయింది. ఒహాయోది ఇంకా మట్టిగానే ఉంది.

మంచు వెనక్కి తగ్గాక, కరిగిన నీటికి తూర్పు దారి ఇంకా మంచుతోనే మూసుకుని ఉంది. ఆ నీరంతా ఆగి పెద్ద సరస్సైంది. నేటి ఈరీకి అది తాతలాంటిది. ‘మామీ సరస్సు’ అని దానికి పేరు. దాని అలలు ఏళ్ల తరబడి టిల్ మీది మిట్టల్ని కోసి, పల్లాల్ని పూడ్చి, నేలను చాప పరిచినట్టు చదును చేశాయి. తీరం ఉన్నచోట మాత్రం సన్నటి ఇసుక గట్లు మిగిలాయి. అడవి మధ్య పొడిగా ఉండే దారి అదొక్కటే. మూలవాసుల కాలిబాటలు, తర్వాత వచ్చిన వలసదారుల రోడ్లు ఆ గట్ల మీదుగానే నడిచాయి.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. బంకమట్టిలో నీరు దిగదంటే దానిలో ఖాళీలు లేవని అనుకుంటాం. నిజానికి ఇసుకలో కంటే బంకలోనే ఖాళీ ఎక్కువ. దాదాపు సగం ఖాళీయే. కాకపోతే ఆ ఖాళీలు మరీ సన్నవి. బంక రేణువు మిల్లీమీటరులో ఐదువందలో వంతు కంటే చిన్నది, పైగా పలక ఆకారంలో ఉంటుంది. వాటి సందుల్లో చేరిన నీటిని రేణువుల పైముఖాలు గట్టిగా పట్టుకుంటాయి, భూమ్యాకర్షణ లాగినా వదలవు. అంటే నీరు నిండుగా ఉన్నా కిందికి నడవదు. ఆ నీటిలో కొంత మొక్క వేళ్లకూ దక్కదు.

తెలుగు రైతుకు వెంటనే నల్లరేగడి గుర్తొస్తుంది. పోలిక కొంతవరకే నిలుస్తుంది. రేగడిలోని స్మెక్టైట్ అనే బంక ఖనిజం పొరల మధ్యకే నీటిని రానిచ్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని కాలు దిగేంత బీటలిస్తుంది. హోయ్ట్‌విల్ నేలలో ఎక్కువగా ఉన్నది ఇల్లైట్. దాని పొరల్ని పొటాషియం పట్టి ఉంచుతుంది కాబట్టి అంత ఉబ్బదు. ఉబ్బి, ముడిచి, తనను తాను తిరగేసుకునే రేగడి గుణం దీనికి తక్కువ. ఎక్కడ పేరుకున్న మట్టి అక్కడే. కింది గట్టి టిల్ మీద నీరు నిలిచి, భూగర్భ జలంతో సంబంధం లేకుండా, పైపైనే ఒక తాత్కాలిక జలమట్టం ఏర్పడుతుంది.

నీరు నిలిస్తే ముందు పోయేది గాలి. ఆక్సిజన్ గాలిలో ప్రయాణించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మది. మట్టిలోని సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌ను కొద్ది రోజుల్లో తినేస్తాయి. ఆ తర్వాత ఊపిరికి ప్రత్యామ్నాయాలు వెతుక్కుంటాయి. మొదట నైట్రేటు, తర్వాత మాంగనీసు, ఆపైన ఇనుము. రంగు కథంతా ఈ ఇనుములోనే ఉంది. మట్టికి ఎరుపు, పసుపు ఇచ్చేది తుప్పు రూపంలో ఉన్న ఇనుము. అది నీటిలో కరగదు. సూక్ష్మజీవులు దాన్ని మరో రూపానికి మార్చగానే కరిగి, ఉన్న చోటు వదిలేస్తుంది. మిగిలేది కడిగేసిన మట్టి అసలు రంగు, బూడిద. వేసవిలో నీరు తగ్గి, పగుళ్ల వెంట, చచ్చిన వేళ్లు వదిలిన గొట్టాల వెంట గాలి దిగినచోట ఆ ఇనుము మళ్లీ తుప్పు పట్టి మచ్చలుగా స్థిరపడుతుంది. రష్యా శాస్త్రవేత్త గియోర్గీ వైసోత్‌స్కీ 1905లో ఇలాంటి పొరలకు ‘గ్లే’ అని పేరు పెట్టాడు. అందుకే అనుభవమున్న సర్వేయరు ఎండాకాలంలో గొయ్యి తవ్వి, చుక్క నీరు కనపడకపోయినా, వసంతంలో నీరు ఎంత లోతు దాకా నిలిచి ఉంటుందో చెప్పేయగలడు. కావాలంటే తడిగా ఉన్న రోజుల్లో ఇంకో పరీక్ష ఉంది. అడవిలో తాజాగా తవ్విన పెల్లను విరిచి, విరిగిన ముఖం మీద ఆల్ఫా-ఆల్ఫా డైపిరిడిల్ అనే రసాయనం నాలుగు చుక్కలు వేస్తారు. కరిగిన ఇనుము ఉంటే కాసేపట్లో ఆ చోటు గులాబీ రంగుకు తిరుగుతుంది.

ఈ నేల మీద బతకాలంటే చెట్టుకూ కొన్ని కిటుకులు తెలియాలి. వేరు కిందికి దిగితే ఊపిరాడదు కనుక పైపైనే పళ్లెంలా పరుచుకుంటుంది. యాష్, సిల్వర్ మేపుల్ లాంటివి నీరు నిలిచిన రోజుల్ని తట్టుకుంటాయి. బీచ్ చెట్టుకు ఆ ఓపిక లేదు. కాస్త మిట్ట దొరికితేనే నిలుస్తుంది. ఆ మిట్టలు వచ్చే తీరు కూడా ముచ్చటైనదే. లోతు వేళ్లు లేని పెద్ద చెట్టు ఈదురుగాలికి కూలితే వేళ్ల పళ్లెమంతా మట్టితో సహా పైకి లేస్తుంది. లేచిన చోట గుంట, పక్కన వేళ్లు కుళ్లాక మిగిలిన దిబ్బ. గుంటలో నీళ్లు, దిబ్బ మీద విత్తనం. చదునుగా కనిపించే ఆ అడవిలో ఏ చెట్టు ఎక్కడ మొలవాలో తేల్చేది ఈ మూరెడు ఎత్తు తేడాయే. ఇప్పటికీ దీన్ని చూడాలంటే ఫుల్టన్ కౌంటీలోని గోల్ వుడ్స్‌కు వెళ్లొచ్చు. 1836లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన గోల్ కుటుంబం తమ భూమిలో కొంత అడవిని తరాలపాటు కొట్టకుండా ఉంచింది. 1960లలో అది ప్రభుత్వ రక్షణలోకి వచ్చింది. అక్కడి బర్ ఓక్‌లలో కొన్ని నాలుగు వందల ఏళ్లు దాటినవి.

మిగతా వాళ్లకు ఆ ఓపిక లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. అయితే చుట్టుపక్కల ఒహాయో అంతా పొలాలైపోయినా ఈ ముక్క దశాబ్దాల పాటు ఖాళీగానే మిగిలింది. ఫ్రీమాంట్ నుంచి పెరీస్‌బర్గ్ దాకా 31 మైళ్ల రోడ్డు వేస్తే, ఆ 31 మైళ్లలో 31 పూటకూళ్ల ఇళ్లు వెలిశాయని చెప్పుకుంటారు. బండి రోజుకో మైలు నడిస్తే అంతకంటే తక్కువ సరిపోవు మరి. తమ ఇంటి ముందరి బురదగుంటలో దిగబడ్డ బళ్లను ఎద్దులతో లాగి డబ్బు చేసుకునేవాళ్లనీ, ఆ గుంటల మీద హక్కు తమదేనని పోట్లాడుకునేవాళ్లనీ కూడా కథలున్నాయి. వీటికి తోడు చలిజ్వరం. ఆకులు కుళ్లిన నేల నుంచి లేచే చెడు గాలి వల్లే అది వస్తుందని వలసదారులు గట్టిగా నమ్మారు. దోమ పనేనని రుజువు చేయడానికి రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమలు కోస్తూ కూర్చున్న 1897 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి బ్లాక్ స్వాంప్ చాలావరకు ఎండిపోయింది.

ఎండగట్టిన తీరే ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరం. న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ జాన్‌స్టన్ అనే స్కాట్లాండ్ రైతు 1830లలో తన దేశపు పద్ధతిని తెచ్చాడు: కాల్చిన మట్టి గొట్టాలను భూమిలో పూడ్చడం. జనం నవ్వారు. ఆయన గోధుమ పంట చూశాక నవ్వు ఆగింది. 1851 నాటికి ఆయన పొలం కింద 16 మైళ్ల గొట్టాలున్నాయి. ఒహాయోలో 1859 నాటి చట్టం ఊళ్లన్నీ కలిసి కాలువలు తవ్వుకోవడానికి వీలిచ్చింది. ఇక గొట్టాలకు కొదవేముంది, కాళ్ల కింద ఉన్నదంతా బంకమట్టే కదా. డజన్ల కొద్దీ బట్టీలు లేచాయి. కొట్టేసిన అడవి కట్టెలతో ఆ నేలనే కాల్చి, ఆ నేలలోనే పాతారు. అడుగు పొడవున్న గొట్టాలను మూడడుగుల లోతున, ఒకదాని మూతికి మరొకటి ఆనించి, అతికించకుండా పేర్చేవారు. ఆ సందుల గుండానే నీరు లోపలికి చేరేది. పారతో తవ్వే కూలీ ఎంతని తవ్వగలడు? బౌలింగ్ గ్రీన్‌కు చెందిన జేమ్స్ బి. హిల్ 1890లలో ఆవిరి యంత్రంతో తిరిగే తవ్వుడు చక్రాన్ని తయారుచేశాడు. ‘బకాయ్ డిచర్’ అనే ఆ యంత్రం నడుస్తూనే సమానమైన వాలుతో కాలువ తీసేది. తర్వాత లూయిజియానా, ఫ్లోరిడా చిత్తడి నేలల్ని ఎండగట్టడానికీ అదే వెళ్లింది.

బంక నీటిని కదలనివ్వదన్నాం కదా, మరి గొట్టాల్లోకి నీరెలా వచ్చింది? దిమ్మల మధ్య సందులు, వానపాముల రంధ్రాలు, అడవి వేళ్లు వదిలిన గొట్టాలు. రేణువుల మధ్య దారి లేకున్నా దిమ్మల మధ్య ఉంది. జలమట్టం దిగితే మట్టి ఎండి మరికొంత పగులుతుంది, దారులు పెరుగుతాయి. అలా నల్లటి పైమట్టి, కింద సున్నం, అపారమైన పోషకాలు అన్నీ ఒకేసారి మొక్కజొన్నకూ సోయాకూ అందాయి. అమెరికా మంచి పొలాల్లో ఇవాళ ఇవీ ఉన్నాయి.

అయినా నేల స్వభావం పూర్తిగా మారలేదు. దీనికి పదును దొరికే రోజులు తక్కువ. తడి మీద ట్రాక్టర్ దింపితే నొక్కుకుపోతుంది, ఎండాక దున్నితే పెల్లలు లేస్తాయి. చాలామంది రైతులు పంట కాగానే శరదృతువులోనే దున్ని వదిలేసేవారు. చలికి గడ్డకట్టి, కరిగి, పెల్లలు వాటంతటవే చిట్లుతాయి. దున్నకుండా పండించే పద్ధతిని పరీక్షించడానికి గ్లోవర్ ట్రిప్లెట్, డేవిడ్ వాన్ డోరెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960ల మొదట్లో ఒహాయోలో ప్రయోగ మడులు పెట్టారు. ప్రపంచంలో ఈ తరహా ప్రయోగాల్లో అత్యంత పాతవాటిలో ఇవీ కొన్ని. వూస్టర్‌లోని నీరు బాగా ఇంకే నేలలో దున్నని మడి గెలిచింది. హోయ్ట్‌విల్‌లో ఏటా మొక్కజొన్నే వేసిన దున్నని మడి వెనకబడింది. పైన చెత్త కప్పిన తడి బంక వసంతంలో వేడెక్కదు, వేరు కదలదు. పంట మార్చి వేస్తే ఆ తేడా బాగా తగ్గింది. ఒకచోట బంగారమైన సలహా ఇంకో నేలకు పనికిరాకపోవచ్చని చెప్పడానికి ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం వెతికినా దొరకదు.

నీటిని త్వరగా బయటికి పంపే గొట్టాలు ఇంకోదాన్ని కూడా పంపుతున్నాయి. పొలంలో వేసిన భాస్వరంలో కొంత వరదతో పైనుంచి, కొంత ఆ పగుళ్ల దారినే గొట్టాల్లోకి జారి, మామీ నదిలో కలిసి ఈరీ సరస్సు పడమటి భాగానికి చేరుతుంది. అక్కడ లోతు తక్కువ, వేసవిలో నీరు వెచ్చన. నీలి-ఆకుపచ్చ నాచుకు అంతకన్నా ఏం కావాలి. 2014 ఆగస్టులో దాని విషం టొలెడో నగరపు కుళాయిల్లోకి వచ్చింది. నాలుగు లక్షల మందికి పైగా దాదాపు మూడు రోజులు కుళాయి నీళ్లు తాగలేకపోయారు. కాచి తాగడమూ కుదరదు. కాచితే నీరు ఆవిరై విషం ఇంకా చిక్కబడుతుంది. ఆ ఊళ్లో చదువుకుంటున్న తెలుగు పిల్లల ఇళ్లలోనూ ఆ మూడు రోజులు సీసా నీళ్లతోనే గడిచి ఉంటాయి.

2019 నుంచి ఒహాయో ప్రభుత్వం ‘హెచ్‌టూఒహాయో’ కార్యక్రమం కింద కొన్ని పొలాలను మళ్లీ చిత్తడి నేలలుగా మార్చడానికి డబ్బిస్తోంది. నీరు కాసేపు ఆగితే భాస్వరం కొంత అక్కడే దిగుతుందని ఆశ. అలాంటి చోట ముందు చేసే పని పాత గొట్టాలెక్కడున్నాయో వెతికి పగలగొట్టడం. నూరేళ్లు ఎండబెట్టినా కింది పొర బూడిదరంగు పోలేదు, బంక బంకలాగే ఉంది కాబట్టి నీరు నిలవడానికి పెద్దగా బతిమాలనక్కర్లేదు.

చిక్కంతా చెట్లతోనే. ఎల్మ్‌లను చంపే శిలీంధ్ర తెగులు అమెరికాలో మొదట కనపడింది ఒహాయోలోనే, 1930లో. యాష్‌ను తొలిచే పచ్చ పురుగు 2002లో పక్కనే డెట్రాయిట్ దగ్గర బయటపడి, మరుసటి ఏడాదికి ఒహాయో చేరింది. ఈ నేలకు అలవాటుపడ్డ రెండు ప్రధాన జాతులూ అలా దెబ్బతిన్నాయి. మినసోటాలోని బ్లాక్ యాష్ చిత్తడి అడవుల్లో శాస్త్రవేత్తలు పురుగు రాకముందే కొన్ని చెట్లను ఎండబెట్టి చూశారు. వేళ్లతో నీరు తోడే చెట్లు పోగానే జలమట్టం పైకొచ్చి, ఎక్కువ రోజులు నిలిచింది. గడ్డి, పొదలు ఆక్రమించాయి. యాష్ స్థానంలో ఏది బతుకుతుందో తేల్చుకోవడానికి అక్కడ నాటి చూసిన జాతుల్లో స్వాంప్ వైట్ ఓక్ ఒకటి. బ్లాక్ స్వాంప్‌లో అది కొత్త చెట్టు కాదు, అక్కడి పాత కాపురమే. ఒహాయోలో కొత్తగా నీరు పెట్టిన మడుల్లో ఇప్పుడు దానితోపాటు పిన్ ఓక్, బర్ ఓక్ మొక్కల్ని, దిబ్బల్లా కాస్త ఎత్తున్న చోట్లు చూసి నాటుకోవచ్చు. యాష్‌ను మాత్రం జాబితాలో చేర్చే ధైర్యం ఎవరికీ చాలడం లేదు.